అడగడానికి ఒక భాష కావాలి

నిరుడు ఎండలు ముదరకముందు ముళబాగిలు తాలూకాలోని ఒక పల్లెకు బెంగళూరు నుండి అయిదుగురు పరిశోధక విద్యార్థులు వచ్చారు. అందరూ భూగర్భజలాల మీద పి.హెచ్.డి. చేస్తున్నవారు. ఊరి పేరూ, వారి సంస్థ పేరూ ఇక్కడ అవసరం లేదు. పంచాయతీవారికీ వారికీ మధ్య ఉత్తరాలు నడిపినవాడిని గనుక ఆ రోజు నేనూ అక్కడ ఉన్నాను.

బడి వరండాలో తెర కట్టారు. అయిదుగురిలో ఒకడు బెంగాలీ, ఒకామె కేరళ నుండి వచ్చినది, ఇద్దరు కన్నడిగులు. అయిదో అమ్మాయిది మదనపల్లె దగ్గరి ఊరు. పనులు పంచుకొనే వచ్చారు. బెంగాలీ యువకుడు తెర మీద బొమ్మలు చూపుతూ ఇంగ్లీషులో చెప్పాడు. హాసన్ వైపు కుర్రవాడు దానిని చక్కని కన్నడంలో వివరించాడు. మిగిలిన ఇద్దరు బోరు నీళ్లు సీసాలకు పట్టారు. మదనపల్లె అమ్మాయికి అప్పగించిన పని ఆ సీసాలకు చీటీలు అంటించి పుస్తకంలో ఎక్కించడం. ఈ ఊరి ఇళ్లలో ఏ భాష మాట్లాడతారన్న ప్రశ్న బయలుదేరేముందు వారిలో ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు, చెప్పవలసిన తప్పు నాదీ ఉన్నది.

ఫ్లోరైడు ఉన్న నీటిని ఎంత కాచినా ఫ్లోరైడు పోదని హాసన్ కుర్రవాడు రెండుసార్లు చెప్పాడు. జనం తలలూపారు. అనుమానాలేమైనా ఉన్నాయా అని అడిగితే ఎవరూ నోరు మెదపలేదు. చప్పట్లు, టీ, ఒక ఫొటో. సాయంత్రానికి వారి బండి వెళ్లిపోయింది.

రచ్చకట్ట దగ్గర ఒక అవ్వ నన్ను ఆపింది. "లాయరు నాయనా, ఆ అబ్బోడు చెప్పింది నీళ్లు బాగా కాంచితే దోషం పోతాదనే గదా?" పోదన్నాడని చెప్పాను. "ఎందుకు పోదు? కాంచితే ఏ పురుగైనా చస్తాది గదా" అన్నది. న్యాయశాస్త్రం చదివినవాడిని, నా దగ్గర జవాబు లేదు.

ఆ అవ్వకు కన్నడం రాదని ఎవరూ అనుకోవద్దు. వారానికి రెండు మూడు మార్లు టమేటా మండీలో కన్నడంలోనే బేరమాడుతుంది. బస్సులో, తాలూకా కచేరీలో ఆమెకు ఏ ఇబ్బందీ లేదు. ధర, తేదీ, ఊరి పేరు, సంతకం, ఇంతవరకు ఆమె కన్నడం సరిపోతుంది. కానీ ఒక నమ్మకాన్ని తిరగవేసే మాట వినబడినప్పుడు, "అదెట్లా?" అని ఎదురు అడగవలసి వచ్చినప్పుడు, ఆమె నోట వచ్చేది తెలుగు. నలుగురిలో, తెర ముందు, చదువుకున్న కుర్రవాడిని తెలుగులో అడిగితే నవ్వుతారేమోనని ఊరుకున్నది. సరిహద్దు కుటుంబాలలో పుట్టినవారికి ఈ ఊరుకోవడం ఎటువంటిదో నేను వివరించనక్కరలేదు. బడిలో మనం ఎన్నిసార్లు అలా ఊరుకున్నామో మనకు తెలుసు.

ఆ సంగతి విద్యార్థులకు రాశాను. వారు నొచ్చుకోలేదు. రెండు నెలల తరువాత మళ్లీ వచ్చారు. ఈసారి తెర తేలేదు. మదనపల్లె అమ్మాయి బడిలో బిసియూట వండే పొయ్యి అడిగి తీసుకొని, ఒక గిన్నెలో నీళ్లు పోసి, పిడికెడు ఉప్పు కలిపి అందరికీ చుక్క చుక్క రుచి చూపించింది. తరువాత ఆ నీళ్లు సగానికి సగం ఇగిరేదాకా కాచింది. కాగుతున్నంతసేపూ ఆడవాళ్లతో మాట్లాడుతూనే ఉన్నది. చల్లార్చి, మంచినీళ్ల సంగతి ఇప్పుడు తేల్చుకుందామని మళ్లీ రుచి చూడమన్నది.

"ఉప్పు పోయిందా అవ్వా?"

"యాడ పోయింది? ఇంకా చేదెక్కింది."

"ఆవిరైపోయేది నీళ్లే. ఉప్పు అడుగునే ఉంటుంది. ఫ్లోరైడు కూడా అంతే. అది పురుగు కాదు, చావడానికి. రాతిలోంచి నీళ్లలోకి దిగిన ఉప్పులాంటిది."

కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. తరువాత ఆ అవ్వే అన్నది: "అట్లయితే ఇన్నేండ్లూ నేను బిడ్డలకి కాంచి కాంచి దాన్నే చిక్కగా తాపిస్తి గదమ్మా."

ఆ మాటకు ఆ అమ్మాయి కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. అవ్వ మాత్రం ఏడవలేదు, అడగడం మొదలుపెట్టింది. ఆమె వెనుక మిగిలినవారు. సంగటి వండే నీళ్లలో ఉన్నా అంతేనా? ఫిల్టరు నీళ్లలో నిజంగా ఉండదా? ఆ మిషను చెడిపోయినన్నాళ్లు ఏం చేయాలి? మిద్దె మీద పడిన వాననీళ్లు పట్టుకోవచ్చా? పిల్లోడి పండ్ల మీది గారలు తోమితే పోతాయా? ఆవులు తాగితే పాలలోకి వస్తాదా? ఈ చివరి ప్రశ్నకు ఆ అమ్మాయి దగ్గర జవాబు లేదు. బెంగాలీ యువకుడిని ఇంగ్లీషులో అడిగింది. అతడు తాను చదివినంత చెప్పి, మిగతాది చూసి చెబుతామన్నాడు. ఆమె అదే మాట తెలుగులో దాచకుండా చెప్పింది. అదే సమయంలో హాసన్ కుర్రవాడు పంచాయతీ అధికారి పక్కన కూర్చొని ఫిల్టరు మరమ్మతుకు కన్నడంలో అర్జీ రాయిస్తున్నాడు.

ఒక బృందం అంటే ఏమిటో నాకు ఆ మధ్యాహ్నం అర్థమైంది. మొదటిసారి కూడా ఆ అయిదుగురే వచ్చారు. లెక్క ఒకరికి తెలుసు, మాట ఒకరికి వచ్చు, కచేరీ మర్యాద ఒకరికి వచ్చు. అయినా పని పంచుకొన్న తీరులో ఆ ఊరికి అన్నిటికన్న అవసరమైన శక్తి చీటీలు అంటించే చోట ఉండిపోయింది.

ఫ్లోరైడు మనకు కొత్త శత్రువు కాదు. మన దేశంలో ఎముకలను పట్టే ఈ జబ్బును వైద్యులు మొదట 1937లో వివరించింది అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెలను చూసి. పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడును తగ్గించే పద్ధతిని 1970లలో నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ రూపొందించినప్పుడు దానికి నల్గొండ పేరే పెట్టారు. నేడు ఆఫ్రికాలో రాసే పుస్తకాలలో కూడా అది 'నల్గొండ పద్ధతి'. లీటరు తాగునీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము మించకూడదనీ, వేరే నీరు దొరకనప్పుడు 1.5 దాకా సరిపెట్టుకోవచ్చుననీ మన దేశ ప్రమాణం చెబుతుంది. కోలారు జిల్లాలో చెరువులు ఎండి, బోర్లు వెయ్యి అడుగులు దాటి, గట్టి రాతిలోని పాత నీటిని తోడుకుంటున్నకొద్దీ ఆ గీత దాటే బావులు పెరిగాయి. జబ్బు తెలుగునేల మీద గుర్తింపబడినది, మందు తెలుగు ఊరి పేరు మోస్తున్నది. ముళబాగిలు అవ్వకు మాత్రం ఆ ముక్క తెలుగులో అందడానికి ఇన్నేళ్లు పట్టింది.

ఇది చూసినప్పుడు నాకు మా మేనమామ గుర్తుకు వచ్చాడు. ఆయన కోలారు బంగారు గనుల్లో పని చేశాడు. 1980ల ఆరంభంలో ఇనుప గొట్టాలు కొన్ని లోపలికి దించినవారిలో తానూ ఒకడినని చెప్పేవాడు. అవి దేనికని మేము పిల్లలం అడిగితే, "బంగారం వాసన పట్టే మిషనుకురా" అనేవాడు. ఎవరో ఎవరికో చెప్పే ఉంటారు. షిఫ్టు నుండి షిఫ్టుకు, ఇంగ్లీషు నుండి తమిళానికి, తమిళం నుండి తెలుగుకు మారి మామ చెవికి చేరేసరికి ఆ మాట అట్లా అయింది.

ఆ గని లోపల జరిగినది ప్రపంచ విజ్ఞాన చరిత్రలో ఉన్నది. 1951లో హోమీ భాభా సూచన మీద టాటా మౌలిక పరిశోధన సంస్థకు చెందిన ఒక పరిశోధక విద్యార్థి ఈ గనుల్లోకి దిగాడు. పేరు బి.వి. శ్రీకంఠన్. ఆకాశం నుండి వచ్చే విశ్వకిరణాలు భూమిలో ఎంత లోతుదాకా చొచ్చుకుపోతాయో కొలవడం ఆయన పని. ఆ కొలతలతో డాక్టరేటు పొంది, తరువాతి కాలంలో 1975 నుండి 1987 దాకా ఆ సంస్థకే సంచాలకుడైనాడు. లోతుకు పోయినకొద్దీ కిరణాల చప్పుడు తగ్గుతూ వచ్చింది. 1960ల ఆరంభంలో, రెండున్నర కిలోమీటర్లు దాటిన లోతున, వారాల తరబడి ఒక్క కణమూ నమోదు కాలేదు. ఆ నిశ్శబ్దమే వారికి బంగారమైంది. అంత రాతిని దాటి రాగలిగినది న్యూట్రినో అనే కణం ఒక్కటే గనుక, అక్కడ ఏదైనా మోగితే అది న్యూట్రినో పనే అని నమ్మవచ్చు.

1965లో టాటా సంస్థ, జపానులోని ఒసాకా నగర విశ్వవిద్యాలయం, ఇంగ్లండులోని డర్హాం విశ్వవిద్యాలయం కలిసి చాంపియన్ రీఫ్ గనిలో దాదాపు 2.3 కిలోమీటర్ల లోతున పరికరాలు నిలిపాయి. విశ్వకిరణాలు గాలిని తాకినప్పుడు పుట్టే న్యూట్రినోల జాడను అక్కడ పట్టారు. ఆ ఏడాది ఆగస్టులో అచ్చయిన వ్యాసం మీద మూడు దేశాలవారి పేర్లు 11 ఉన్నాయి. పేరున్న ఆచార్యులూ, కుర్ర పరిశోధకులూ ఒకే వరుసలో. దక్షిణాఫ్రికాలో మరొక బంగారు గనిలో మరొక బృందం అదే ఏడు అదే ఫలితం సాధించింది. 1970లలో ఇక్కడి పరికరాలలో కనిపించిన కొన్ని అంతుబట్టని జాడలను భౌతికశాస్త్రజ్ఞులు ఈనాటికీ 'కోలారు ఘటనలు' అంటారు. మా మామ దించిన గొట్టాలు ఆ తరువాతి ప్రయోగానివి. పరమాణువు లోపలి ప్రోటాను ఎప్పటికైనా చితికిపోతుందా అని చూడడానికి 1980లో మొదలైన ప్రయోగం అది.

2001లో గనులు మూతబడ్డాయి. 2015లో న్యూట్రినోల మీద పని చేసిన జపాను, కెనడా శాస్త్రవేత్తలకు నోబెల్ వచ్చినప్పుడు ఒక పత్రికలో కోలారు పేరు చూసి, చదివి, ముసలితనంలో ఉన్న మామకు నాకు వచ్చిన తెలుగులో చెప్పాను. సూర్యుడి నుండి వచ్చే న్యూట్రినోలు మన ఒంటి మీద ప్రతి చదరపు సెంటీమీటరు గుండా సెకనుకు దాదాపు 6,500 కోట్లు దూసుకుపోతాయని చెప్పాను. ఆయన చేతిని తిప్పి తిప్పి చూసుకున్నాడు. "బంగారం కాదన్నమాట" అన్నాడు. కొంచెం ఆగి, "అంత గొప్పదానికి మోసినామని తెలిసుంటే ఇంటికొచ్చి మీ అత్తకు చెప్పుకొని ఉందును గదరా" అన్నాడు. ఆ 11 పేర్ల కింద మోసినవారి పేర్లు ఉండవలెనని నేననను, శాస్త్ర పత్రికల పద్ధతి అది కాదు. ఇంటికి వెళ్లి చెప్పుకోదగిన మాట ఒకటి వారి భాషలో వారికి దక్కి ఉండవలసింది.

చెప్పడం ఆలస్యమైతే ఏమవుతుందో పొరుగు రాష్ట్రంలో చూశాము. కోలారు గనుల తరువాత అదే పరిశోధనను కొనసాగించడానికి తమిళనాడు తేని జిల్లాలోని పొట్టిపురం దగ్గర కొండ లోపల న్యూట్రినో పరిశోధనాలయం కట్టడానికి కేంద్ర మంత్రివర్గం 2015లో ఆమోదం తెలిపింది. పల్లెలు ఎదురు తిరిగాయి, కోర్టులలో వ్యాజ్యాలు నడిచాయి, 2022లో తమిళనాడు ప్రభుత్వం తాము అనుమతించబోమని సుప్రీంకోర్టుకు చెప్పింది. కొండకూ, నీటికీ, అడవికీ ఏమవుతుందన్న వారి ప్రశ్నలన్నీ అజ్ఞానం కావు. కొన్ని న్యాయమైనవి. కానీ న్యూట్రినో అంటేనే విషం అన్నట్లు పాకిన భయం వేరు. ఆ ప్రయోగపు పరిశోధక విద్యార్థులలో తమిళులు లేకపోలేదు, తమిళంలో చెప్పే ప్రయత్నాలూ జరిగాయి. నా అభిప్రాయంలో మాట చేరేలోపు భయం చేరింది.

ఇక చట్టం మాట. రాజ్యాంగం 51ఎ అధికరణం శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించుకోవడం ప్రతి పౌరుని విధి అంటుంది. విధి మన మీద పెట్టినప్పుడు, దానిని నిర్వర్తించడానికి కావలసిన జ్ఞానం మనకు తెలిసే భాషలో అందించే బాధ్యత ఎవరి మీదనో ఒకరి మీద ఉండాలి కదా. 1956లో రాష్ట్రాల పునర్విభజనతో పాటు చేరిన 350ఎ అధికరణం భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన కల్పించమన్నది. ఆ తరువాత కేంద్రమూ రాష్ట్రాలూ ఒప్పుకొన్న రక్షణలలో మనవారు తరచు మరచిపోయేది ఒకటున్నది. ఒక జిల్లాలో గాని, తాలూకావంటి చిన్న ప్రాంతంలో గాని ఒక భాషవారు నూటికి 15 మంది ఉంటే, ముఖ్యమైన ప్రకటనలు, నిబంధనలు వారి భాషలో కూడా ప్రచురించాలి. 2011 జనగణనలో కర్ణాటక మొత్తం మీద తెలుగువారు నూటికి దాదాపు ఆరుగురు. మా తాలూకాలో ఇంటి భాష తెలుగైన కుటుంబాలే ఎక్కువ. తాగునీటిలో ఏమున్నదన్న ప్రకటన కంటే ముఖ్యమైన ప్రకటన ఏది? ఇది కన్నడం మీద పోరు కాదు. కన్నడం మా రాష్ట్రభాష, మా పిల్లల బడి భాష, నేను వాదించే కోర్టు భాష. దాని పక్కన ఇంకొక వరుస అడుగుతున్నాము, అంతే.

పరిశోధక విద్యార్థుల విషయంలో నా కోరిక ఇంకా చిన్నది. కేంద్ర విజ్ఞాన సాంకేతిక విభాగం 2019లో తెచ్చిన ముసాయిదాలో ప్రతి విజ్ఞాన కార్యకర్తా ఏడాదికి కనీసం 10 పనిదినాలు సమాజానికి ఇవ్వాలన్నది. 2022లో శాస్త్రీయ సామాజిక బాధ్యత పేరుతో మార్గదర్శకాలు వచ్చాయి. కాగితం మీద బాగున్నది. కానీ థీసిస్ మీద ఉండేది ఒక్కరి పేరు. ఆ అమ్మాయి మా పల్లెలో గడిపిన రోజులు ఆమె పట్టాను ఒక్క రోజు కూడా దగ్గరకు తేలేదు. పైగా ఆలస్యం చేశాయని ఆమే నవ్వుతూ అన్నది. ఊరి భాష వచ్చినవారిని బృందంలో ముందు నిలిపి, వారి రోజులను పరిశోధనలో భాగంగానే లెక్కగట్టే మార్గం విశ్వవిద్యాలయాలు ఆలోచించాలి. బెంగళూరు ప్రయోగశాలల్లో అనంతపురం, చిత్తూరు, కోలారు, హోసూరు పిల్లలు తక్కువేమీ లేరు. వెదకనక్కరలేదు, అడిగితే చాలు.

మన ఇళ్ల సంగతి కూడా చెప్పాలి. మా బంధువులలో ఒక కుర్రవాడు బెంగళూరులో జీవశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాడు. నీ కొడుకు ఏం చదువుతున్నాడమ్మా అంటే వాళ్లమ్మ "ఏదో పెద్ద చదువు" అంటుంది. ఎందుకు చెప్పలేదురా అంటే, తెలుగులో మాటలు లేవు మామా అన్నాడు. ఈ తప్పులో మన భాషోద్యమానికీ పాలు ఉన్నది. ఫ్లోరైడును ఏమనాలి, న్యూట్రినోను ఏమనాలి అని సభలలో గంటలు వాదించి, నాలిక తిరగని సమాసాలు తయారు చేసి పిల్లలను భయపెట్టాము. మదనపల్లె అమ్మాయి ఫ్లోరైడును ఫ్లోరైడే అన్నది. తెలుగు ఉన్నది 'ఇగరడం'లో, 'అడుగున ఉండడం'లో. 1906లోనే కొమర్రాజు లక్ష్మణరావు గారి విజ్ఞాన చంద్రికా మండలి తెలుగులో శాస్త్రగ్రంథాలు తేవడానికి పూనుకున్నది. నూట ఇరవై ఏళ్లు దగ్గరపడుతున్నా ఇంకా మాటలు లేవనడం సాకు మాత్రమే.

ఆ పల్లెలో బోరు పక్కన, ఫిల్టరు గది గోడ మీద తెలుగులో కూడా హెచ్చరిక రాయించమని పంచాయతీకి అర్జీ పెట్టాను. పైనుండి జవాబు రావాలన్నారు. ఈలోపు ఆ విద్యార్థులే సున్నం గోడ మీద కన్నడం కింద తెలుగులో "కాచినా పోదు" అని రంగుతో రాసి వెళ్లారు. అది చదవగలిగినవారు ఆ ఊళ్లో పదిమందికి మించరని చెప్పడానికి, తెలుగు లిపి కోసం ఇరవై ఏళ్లుగా తిరుగుతున్న నాకు సిగ్గుగానే ఉన్నది. పిల్లలంతా కన్నడ అక్షరాలే నేర్చినవారు. అవ్వకు ఏ అక్షరమూ రాదు. మనవడు పై వరుసను కన్నడంలో చదివి, ఇంట్లో తెలుగులో చెబుతున్నాడట. ఆ అవ్వ ఇప్పుడు తాగే నీళ్లకు ఫిల్టరు బిందె వేరుగా పెట్టింది. మిషను చెడిన రోజు నాకే ఫోను చేయిస్తుంది.

ఉగాది వెళ్లాక మళ్లీ వస్తామని ఆ అమ్మాయి రాసింది. ఆవు పాల సంగతి ఈసారి తేల్చుకొని వస్తారట.